షాపు కరెంటు బిల్లు తగ్గాలంటే ముందు సోలారా, మోటారా? తొగుట లాంటి ఊళ్లో చిన్న వ్యాపారికి ఏ పథకం వర్తిస్తుంది?

‘మీ షాపు మీద సోలార్ పెట్టిస్తాం, కేంద్రం నుంచి 78 వేల సబ్సిడీ వస్తుంది’ అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే అడ్వాన్స్ ఇచ్చేయకండి. ఆ 78 వేలు ఇంటి కనెక్షన్‌కు ఇచ్చేవి. షాపుకు, గిర్నికి, హోటల్‌కు రావు.

అలాగని చిన్న వ్యాపారులకు ప్రభుత్వం నుంచి ఏ సాయమూ లేదనుకోవద్దు. ఉంది. కాకపోతే అది ఎక్కువగా సబ్సిడీ రూపంలో కాకుండా తక్కువ వడ్డీ రుణం రూపంలో వస్తుంది. మీరు చేసేది తయారీయా, సేవా, వ్యాపారమా అన్నదాన్ని బట్టి పథకం మారిపోతుంది.

ఊళ్లో అన్న గిర్ని నడుపుతుంటే, నాన్న కిరాణం చూసుకుంటుంటే, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మీరే ఫోన్‌లో ఈ దరఖాస్తులు నింపాల్సి వస్తుంది. అందుకే ఏది ముందు చేయాలో, ఏ పథకానికి ఎవరు అర్హులో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

తొగుటలో గిర్నికీ కర్బన ఉద్గారాలకూ ఏమిటి సంబంధం?

సిద్దిపేట జిల్లా తొగుట అనగానే ఇప్పుడు అందరికీ మల్లన్నసాగర్ గుర్తొస్తుంది. 50 టీఎంసీల ఈ రిజర్వాయర్‌ను 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించారు. గోదావరి నీళ్లను మోటార్లతో ఎత్తిపోస్తే తప్ప అది నిండదు. అంటే ఆ నీళ్ల వెనక కరెంటు ఉంది.

షాపుల సంగతీ అంతే. గిర్ని మోటారు, టిఫిన్ సెంటర్ గ్రైండర్, కిరాణంలో కూల్‌డ్రింకుల ఫ్రిజ్, వెల్డింగ్ మిషన్, టైలర్ ఇస్త్రీ పెట్టె... అన్నీ కరెంటుతోనే నడుస్తాయి. మన దేశంలో ఆ కరెంటులో నాలుగింట మూడు వంతుల దాకా బొగ్గు నుంచే వస్తోంది. మీ షాపు పైన పొగ గొట్టం లేకపోయినా మీ బిల్లులోని యూనిట్ల కోసం ఎక్కడో ఒకచోట బొగ్గు కాలుతుంది.

2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని భారత్ ప్రకటించింది. పెద్ద కంపెనీలు తమకు సరుకు ఇచ్చేవాళ్లను కూడా కరెంటు, ఇంధనం లెక్కలు అడగడం మొదలుపెట్టాయి. అయితే తొగుటలోని చిన్న వ్యాపారికి ఇవన్నీ దూరపు సంగతులు. ఆయనకు దగ్గరి సంగతి నెలనెలా వచ్చే బిల్లు. ఈ విషయంలో రెండూ ఒకే దారిలో ఉన్నాయి. ఒక యూనిట్ మిగిలితే డబ్బూ మిగులుతుంది, కర్బనమూ తగ్గుతుంది.

మీ షాపు లెక్క ఎంత? ఐదు నిమిషాల్లో ఇలా చూసుకోండి

దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే చాలు.

- గ్రిడ్ కరెంటు: ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్
- డీజిల్: లీటరుకు సుమారు 2.7 కిలోలు
- పెట్రోల్: లీటరుకు సుమారు 2.3 కిలోలు
- 19 కిలోల కమర్షియల్ గ్యాస్ సిలిండర్: ఒక్కోదానికి సుమారు 57 కిలోలు

ఉదాహరణకు ఒక టిఫిన్ సెంటర్ నెలకు 400 యూనిట్ల కరెంటు, ఆరు సిలిండర్లు, 20 లీటర్ల పెట్రోల్ వాడుతుందనుకుందాం. కరెంటు వల్ల 280 కిలోలు, గ్యాస్ వల్ల 342 కిలోలు, పెట్రోల్ వల్ల 46 కిలోలు. మొత్తం నెలకు 668 కిలోలు. ఏడాదికి దాదాపు 8 టన్నులు.

ఈ లెక్క వేయగానే ఒక విషయం బయటపడుతుంది. ఈ హోటల్‌లో ఎక్కువ భాగం గ్యాస్‌దే. కాబట్టి బల్బులు మార్చడం కంటే ముందు పొయ్యి సంగతి చూడాలి. గిర్నిలో అయితే లెక్క మొత్తం మోటారు దగ్గరే తేలుతుంది. కిరాణంలో ఫ్రిజ్ దగ్గర తేలుతుంది. ఎక్కడ ఎక్కువ ఖర్చవుతోందో తెలియకుండా పథకాల కోసం తిరిగితే డబ్బు తప్పుడు చోట పడుతుంది.

ఏడాది కరెంటు బిల్లులు తీసి పెట్టుకోండి. సిద్దిపేట జిల్లా దక్షిణ డిస్కం (టీజీఎస్పీడీసీఎల్) పరిధిలోకి వస్తుంది. బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబర్ కొడితే పాత బిల్లుల వివరాలు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. మీ కనెక్షన్ ఏ కేటగిరీలో ఉందో కూడా చూడండి. దుకాణాలు, హోటళ్లు ఎల్‌టీ-2 వాణిజ్య కేటగిరీలోకి, చిన్న పరిశ్రమలు ఎల్‌టీ-3 కేటగిరీలోకి వస్తాయి. వాణిజ్య కేటగిరీలో 50 యూనిట్లు దాటాక శ్లాబును బట్టి యూనిట్ రేటు దాదాపు 8.50 నుంచి 11 రూపాయల దాకా ఉంటుంది. పరిశ్రమల రేటు అంతకంటే తక్కువ. తయారీ పని చేస్తూ వాణిజ్య కేటగిరీలో బిల్లు కడుతున్నట్టు అనిపిస్తే ముందు సెక్షన్ ఆఫీసులో అడగండి.

ముందు ఏం మార్చాలి? తర్వాత ఏం మార్చాలి?

వరుస ముఖ్యం. ముందు వృథా ఆపాలి. తర్వాత పాత సామాను మార్చాలి. సోలార్ ఆ తర్వాతే. వృథా ఆపకుండా సోలార్ పెడితే 3 కిలోవాట్లు సరిపోయే చోట 5 కిలోవాట్లకు అప్పు చేయాల్సి వస్తుంది.

ఫ్యాన్లు: పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్ల చుట్టూ సరిపోతుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగితే 648 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 9 రూపాయలనుకుంటే దాదాపు 5,800 రూపాయలు. కర్బనం 450 కిలోలు తగ్గుతుంది. ఒక్కో ఫ్యాన్ 3 వేలు అనుకున్నా రెండేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. దీనికి లోన్ కూడా అక్కర్లేదు.

గిర్ని మోటారు: ఇక్కడ కాస్త ఆలోచించి అడుగేయాలి. 10 హెచ్‌పీ పాత రకం మోటారు సామర్థ్యం 86 శాతం దాకా ఉంటుంది. కొత్త ఐఈ3 రకానికి 90 శాతం పైనే. రోజుకు 6 గంటలు పూర్తి లోడ్‌తో నడిచే గిర్నిలో ఈ తేడా ఏడాదికి సుమారు 750 యూనిట్లు. అంటే 5 నుంచి 6 వేల రూపాయలు. అదే గిర్ని రోజుకు రెండు గంటలే నడిస్తే మిగిలేది 2 వేలే. బాగున్న మోటారును పక్కన పడేసి కొత్తది కొనడం అప్పుడు లాభం కాదు.

మరి ఎప్పుడు కొనాలి? మోటారు కాలినప్పుడు. వైండింగ్ చేయించిన ప్రతిసారీ సామర్థ్యం కొంత తగ్గే ప్రమాదం ఉంది. రెండుసార్లు వైండింగ్ అయిన మోటారు మళ్లీ కాలితే, మూడోసారి ఖర్చు పెట్టకుండా ఐఈ3 మోటారు ధర కనుక్కోండి. ఈలోపు పైసా ఖర్చు లేని పనులు చేయొచ్చు. గిరాకీ లేనప్పుడు మోటారు ఖాళీగా తిప్పకుండా, నాలుగు డబ్బాలు పోగయ్యాక ఒకేసారి పట్టండి. వదులైన బెల్టు బిగించండి. అరిగిన బెల్టు మార్చండి. రాళ్లకు సమయానికి కక్కు కొట్టించండి. మొద్దుబారిన రాయితో అదే పిండికి ఎక్కువసేపు మోటారు నడపాలి.

టిఫిన్ సెంటర్ పొయ్యి: బర్నర్ రంధ్రాలు శుభ్రంగా ఉండి మంట నీలంగా రావాలి. పసుపు మంట వస్తే గ్యాస్ సరిగా కాలడం లేదని అర్థం. పప్పు నానబెట్టి ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించడం, గిన్నెల మీద మూతలు పెట్టడం, మంట గిన్నె అంచులు దాటకుండా చూడటం వంటివి ఇంట్లో అందరికీ తెలిసినవే, హోటల్‌లో హడావుడిలో మరిచిపోయేవే. నెలకు ఆరు సిలిండర్లలో పదో వంతు మిగిలినా ఏడాదికి ఏడు సిలిండర్లు. సిలిండర్ 1,900 రూపాయలనుకుంటే 13 వేలకు పైనే. కర్బనం 400 కిలోలు తగ్గుతుంది.

గ్యాస్ మానేసి ఇండక్షన్‌కు మారితే మంచిదేనా? బిల్లు సంగతి పక్కన పెట్టి కర్బనం ఒక్కటే చూస్తే, ఇప్పటి గ్రిడ్ కరెంటుతో అది తగ్గదు, పెరుగుతుంది. వంటకు అందే ఒక యూనిట్ వేడికి గ్యాస్ పొయ్యి నుంచి సుమారు 0.4 కిలోలు వెలువడితే, బొగ్గు కరెంటుతో నడిచే ఇండక్షన్ వల్ల 0.8 కిలోల దాకా వెలువడుతుంది. సొంత సోలార్ ఉండి, పగటిపూట వండితే ఈ లెక్క తిరగబడుతుంది. అందుకే ఏ సలహా అయినా మన కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో చూసుకుని పాటించాలి.

కిరాణం ఫ్రిజ్: తలుపు రబ్బరు వదులైతే కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది. తలుపులో కాగితం పెట్టి మూయండి. లాగితే సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాలి. గోడకు జానెడు దూరం జరిపి, వెనక జాలి మీద దుమ్ము దులపండి. ఎండ పడే చోట పెట్టకండి. కొత్తది కొనేటప్పుడు స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అని రాసి ఉంటుంది. నక్షత్రాల కంటే ఆ అంకెనే చూడండి.

జనరేటర్: చిన్న డీజిల్ జనరేటర్ లీటరుకు మూడు యూనిట్ల చుట్టూ ఇస్తుంది. అంటే ఒక్క యూనిట్ 30 రూపాయలకు పైనే పడుతుంది. గ్రిడ్ కరెంటు కంటే కర్బనమూ ఎక్కువే. లైట్లు, ఫ్యాన్లు, బిల్లింగ్ మిషన్ వరకే అయితే ఇన్వర్టర్ చాలు.

ట్రాలీ ఆటో: సిద్దిపేట, దుబ్బాక, గజ్వేల్ నుంచి సరుకు తెచ్చేటప్పుడు రోజూ సగం బండితో తిరిగే బదులు రెండు షాపులు కలిసి నిండు బండి వేసుకుంటే డీజిల్ అక్కడికక్కడే మిగులుతుంది. ఎలక్ట్రిక్ ట్రాలీ కొనాలనుకుంటే కిలోమీటరుకు ఇంధన ఖర్చు మూడున్నర రూపాయల నుంచి ఒక రూపాయి దరిదాపుల్లోకి దిగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో తెచ్చిన ఈవీ విధానం కింద 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. మూడు చక్రాల సరుకు వాహనాలూ అందులోకి వస్తాయి. ఒక్క చార్జింగ్‌తో రానూపోనూ దూరం సరిపోతుందో లేదో, నిండు లోడ్‌తో నడిపి చూసుకున్నాకే కొనండి.

మరి సోలార్ ఎవరికి లాభం?

పగటిపూట కరెంటు ఎక్కువగా వాడే వ్యాపారాలకు. గిర్ని, వెల్డింగ్ షాపు, జిరాక్స్ సెంటర్, టైలర్ షాపు ఆ కోవలోకి వస్తాయి. సాయంత్రం తెరిచే ఫాస్ట్‌ఫుడ్ బండికి నేరుగా పనికొచ్చేది తక్కువ.

మన ఎండకు ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. 5 కిలోవాట్లు పెడితే ఏడాదికి 7 వేల యూనిట్ల పైచిలుకు. అంటే ఏడాదికి 5 టన్నుల కర్బనం తగ్గుతుంది. కిలోవాట్‌కు 50 నుంచి 60 వేల చొప్పున పెట్టుబడి రెండున్నర, మూడు లక్షలు. వాణిజ్య రేటు కట్టే షాపు ఆ యూనిట్లన్నీ వాడుకోగలిగితే నాలుగైదేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్‌లో ఏ రేటు వేశారో చూడండి.

ఆర్డర్ ఇచ్చే ముందు ఈ ఐదు విషయాలు తేల్చుకోండి.

1. పైకప్పు ఎవరిది? కిరాయి మడిగెలో ఉంటే యజమాని నుంచి రాతపూర్వక ఒప్పందం కావాలి. మడిగె ఖాళీ చేస్తే పలకలు ఎవరివో కూడా అందులో రాయించండి.

2. పైకప్పు మోస్తుందా? ఒక కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగులు కావాలి. పాత రేకుల షెడ్డు అయితే బరువుకు, గాలిదుమారానికి తట్టుకుంటుందో లేదో చూపించుకోవాలి.

3. కరెంటు పోతే సోలార్ పనిచేస్తుందా? చాలామందికి తెలియని సంగతి ఇది. బ్యాటరీ లేని మామూలు గ్రిడ్ సోలార్, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణాలకు ముప్పు రాకుండా అలా తయారు చేస్తారు. కోతల కోసం సోలార్ అనుకుంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ రకం కావాలి. దాని ఖర్చు వేరు.

4. బిల్లు సున్నా అవుతుందా? కాదు. ఫిక్స్‌డ్ చార్జీలు ఉంటాయి. నెట్ మీటర్ పెడితే గ్రిడ్‌కు పంపిన యూనిట్లు మీరు వాడిన వాటిలో నుంచి తగ్గుతాయి. అవసరానికి మించి పెట్టినా అదే లాభం వస్తుందనుకోవద్దు.

5. నెట్ మీటర్ దరఖాస్తు ఎవరు చేస్తారు? డిస్కంకు దరఖాస్తు, సాధ్యాసాధ్యాల పరిశీలన, బిగింపు, తనిఖీ, కొత్త మీటర్... ఈ పనులన్నీ కొటేషన్‌లో ఉన్నాయో లేదో అడగండి. మీటర్ మారాకే చివరి వాయిదా ఇస్తామని చెప్పండి.

ఇంటి సబ్సిడీ షాపుకు ఎందుకు రాదు?

పీఎం సూర్యఘర్ పథకాన్ని కేంద్ర కేబినెట్ 2024 ఫిబ్రవరి 29న ఆమోదించింది. 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు ఆపైన 78 వేల రూపాయలు ఇస్తారు. ఇది గృహ కనెక్షన్లకే.

కింద షాపు, పైన ఇల్లు ఉండి రెండు మీటర్లు వేర్వేరుగా ఉంటే ఇంటి మీటర్‌కు ఈ సబ్సిడీ తీసుకోవచ్చు. అయితే ‘ఇంటి మీటర్ మీద పెట్టి షాపుకు వైరు లాగుదాం’ అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. గృహ కనెక్షన్‌ను వ్యాపారానికి వాడితే విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 126 వర్తిస్తుంది. వర్తించే రేటుకు రెండింతలు వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్కగడతారు. 78 వేల కోసం ఆశపడితే అంతకు మించి కట్టాల్సి రావొచ్చు.

అయితే మీకు వర్తించే పథకం ఏది?

అన్నింటికీ ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కావాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిర్వచనం ప్రకారం యంత్రాలపై పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటనివి సూక్ష్మ సంస్థలు. తొగుటలో షాపులు దాదాపు అన్నీ ఇందులోకే వస్తాయి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వివరాలు, ఆధార్‌కు లింకైన ఫోన్ ఉంటే చాలు. ప్రభుత్వ సైట్‌లో ఇది పూర్తిగా ఉచితం.

గిర్ని, నూనె గానుగ, చిన్న తయారీ యూనిట్ అయితే: సిడ్బీ ద్వారా అమలయ్యే ఎంఎస్ఈ గిఫ్ట్ పథకం చూడండి. కాలుష్యం తగ్గించే, ఇంధనం ఆదా చేసే పరికరాలకు బ్యాంకు నుంచి తీసుకున్న 2 కోట్ల రూపాయల లోపు టర్మ్ లోన్ మీద ఐదేళ్ల పాటు వడ్డీలో 2 శాతం రాయితీ ఇస్తారు. 3 లక్షల లోన్ మీద 2 శాతం అంటే మొదటి ఏడాది దాదాపు 6 వేలు. తర్వాత అసలు తగ్గే కొద్దీ రాయితీ కూడా తగ్గుతుంది. పెద్ద మొత్తం కాదు. కానీ అదే లోన్‌కు అడగకపోతే అదీ రాదు.

ప్లాస్టిక్, రబ్బరు, ఈ-వేస్ట్ రీసైక్లింగ్ యూనిట్ అయితే: ఎంఎస్ఈ స్పైస్ పథకం ఉంది. యంత్రాల ఖర్చులో 25 శాతం, గరిష్ఠంగా 12.5 లక్షల రూపాయల మూలధన సబ్సిడీ.

రైస్ మిల్లు, టెక్స్‌టైల్, ఇటుకల యూనిట్ అయితే: బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2025 జులై 15న మొదలుపెట్టిన అడీటీ పథకం వర్తించే అవకాశం ఉంది. దీనికి వెయ్యి కోట్ల రూపాయలు కేటాయించారు. కనీసం 10 శాతం ఇంధనం ఆదా చేసే టెక్నాలజీకి తీసుకున్న లోన్‌పై సూక్ష్మ, చిన్న సంస్థలకు వడ్డీలో 5 శాతం, మధ్యతరహా వాటికి 3 శాతం రాయితీ. ఫుడ్ ప్రాసెసింగ్, టెక్స్‌టైల్, ఇటుకలు సహా 14 రంగాలకు ఇది ఉంది. ఎనర్జీ ఆడిట్‌కు కూడా సాయం చేస్తారు. అయితే తొలి దశలో 60 క్లస్టర్లు, రెండో దశలో మరో 100 అన్నారు. మీ ప్రాంతం ఏ దశలో ఉందో కనుక్కోవాలి.

ఈ క్లస్టర్ పద్ధతి మనకు కొత్త కాదు. గతంలో వరంగల్ రైస్ మిల్లులను, భీమవరం ఐస్ ప్లాంట్లను ఇదే బ్యూరో క్లస్టర్లుగా ఎంచుకుని, ఎక్కడ ఎంత కరెంటు మిగుల్చుకోవచ్చో అధ్యయనం చేయించింది. ఒకేరకం యూనిట్లు ఒకచోట ఉంటే ఒకరికి చేసిన లెక్క పది మందికి పనికొస్తుంది. చెల్లాచెదురుగా ఉన్న ఊరి గిర్నికి ఆ సౌకర్యం ఉండదు. పథకాల్లో అసలు లోటు ఇదే.

తయారీ యూనిట్‌కు సర్టిఫికెట్ కావాలంటే: జెడ్ (జీరో డిఫెక్ట్, జీరో ఎఫెక్ట్) సర్టిఫికేషన్ ఉంది. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మూడు స్థాయులు. ఫీజులో సూక్ష్మ సంస్థలకు 80 శాతం రాయితీ. మహిళల యూనిట్లకు ఫీజు మొత్తం రాయితీయే. పెద్ద కంపెనీలకు సరుకు ఇచ్చేవారికి ఇది ఎక్కువ పనికొస్తుంది.

దర్జీ, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి వంటి వృత్తిదారులైతే: 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ 18 వృత్తులకు వర్తిస్తుంది. పనిముట్లకు 15 వేల రూపాయల విలువైన వోచర్, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల లోన్. ఇది కర్బనం కోసం పెట్టిన పథకం కాదు. కానీ పాత మోటారు మార్చి తక్కువ కరెంటు తాగే మిషన్ కొనేందుకు పనికొస్తుంది. కుటుంబంలో ఒకరికే ఇస్తారు.

హోటల్, కిరాణం అయితే: కిరాణానికే సాయం తక్కువ. 2021 జులై నుంచి చిల్లర, టోకు వ్యాపారులూ ఉద్యమ్‌లో చేరొచ్చు. కానీ వాళ్లకు దక్కేది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణం వరకే. ఎంఎస్ఎంఈ శాఖ మిగతా రాయితీలు రావు. హోటల్ సేవల కిందికి వస్తుంది కాబట్టి కాస్త మెరుగు. ఇద్దరికీ ముద్ర లోన్ ఉంది. 2024 అక్టోబర్‌లో దీని గరిష్ఠ పరిమితిని 20 లక్షలకు పెంచారు. అయితే పెంచిన మొత్తం అంతకుముందు తరుణ్ రుణం తీసుకుని సక్రమంగా కట్టినవారికే.

ఎక్కడికి వెళ్లాలి? ఏం పట్టుకెళ్లాలి?

సిద్దిపేటలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో మీ యూనిట్‌కు ఏది వర్తిస్తుందో అడగండి. సోలార్‌కు రాష్ట్ర నోడల్ సంస్థ టీజీ రెడ్కో. నెట్ మీటర్‌కు డిస్కం. లోన్‌కు మీ ఖాతా ఉన్న బ్యాంకు శాఖ. అక్కడ పని కాకపోతే జిల్లా లీడ్ బ్యాంక్ మేనేజర్‌ను కలవొచ్చు. కరెంటు సమస్యలకు 1912.

వెళ్లేటప్పుడు ఇవి వెంట ఉంచుకోండి: ఉద్యమ్ సర్టిఫికెట్, ఆధార్, పాన్, 12 నెలల కరెంటు బిల్లులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, కొనబోయే పరికరానికి కనీసం రెండు కొటేషన్లు, కిరాయి మడిగె అయితే ఒప్పందం కాపీ. ‘ఈ మోటారుకు నెలకు ఇన్ని యూనిట్లు, కొత్తది పెడితే ఇన్ని మిగులుతాయి, వాయిదా ఇంత’ అని ఒక కాగితం మీద రాసుకెళ్లండి. మిగిలే డబ్బుతోనే వాయిదా కట్టగలరని బ్యాంకు అధికారికి అర్థమైతే సగం పని అయినట్టే.

లోన్ మంజూరయ్యాక వడ్డీ రాయితీ అడుగుదాంలే అనుకోవద్దు. దరఖాస్తు రోజే పథకం పేరు చెప్పి, అది ఈ లోన్‌కు వర్తిస్తుందా అని అడగండి. పథకాల గడువులు, నిధులు మారుతుంటాయి కాబట్టి ఆ రోజు అమల్లో ఉన్న నిబంధనలే చూసుకోవాలి.

ఎక్కడ మోసపోయే అవకాశం ఉంది?

- ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు డబ్బులడిగే సైట్లు. సైట్ అడ్రస్ చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో చూడండి. మీసేవలోనో కంప్యూటర్ సెంటర్‌లోనో చేయించుకుంటే వాళ్లకు ఇచ్చేది వాళ్ల సర్వీస్ చార్జీ మాత్రమే.

- ‘కార్బన్ క్రెడిట్లు అమ్మి పెడతాం, ముందు ఫీజు కట్టండి’ అనేవాళ్లు. 2023లో కేంద్రం నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకంలో లక్ష్యాలు పెట్టింది సిమెంటు, అల్యూమినియం లాంటి భారీ పరిశ్రమలకు. ఏడాదికి 5 టన్నులు తగ్గించే గిర్నికి క్రెడిట్ల లెక్క, తనిఖీ ఖర్చు రాబడి కంటే ఎక్కువవుతుంది.

- మీటర్ పక్కన ప్లగ్‌లో పెడితే సగం బిల్లు తగ్గుతుందని అమ్మే ‘పవర్ సేవర్’ డబ్బాలు. స్టార్ లేబుల్ లేని, కొలత చూపించలేని వస్తువును కొనకండి.

- ఓటీపీ చెబితే సబ్సిడీ వేస్తామనే ఫోన్లు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

ఈ వారం ఏం చేయాలి?

ఊళ్లో ఉన్నవాళ్లను 12 నెలల బిల్లులు ఫొటో తీసి పంపమనండి. పైన చెప్పిన నాలుగు అంకెలతో లెక్క వేయండి. కరెంటు, గ్యాస్, డీజిల్‌లో ఏది పెద్దదో తేల్చండి. ఖర్చు లేని పనులు ఒక నెల చేసి తర్వాతి బిల్లుతో పోల్చండి. ఉద్యమ్ లేకపోతే తీసుకోండి. మోటారు, ఫ్రిజ్, ఫ్యాన్ల సంగతి తేలాక ఎన్ని యూనిట్లు కావాలో చూసుకుని, అప్పుడు సోలార్ కొటేషన్ అడగండి.

అప్పు చేసి మూడు లక్షలు పెట్టే ముందు ఒక నెల ఆగి లెక్క చూసుకోవడం వల్ల పోయేదేమీ లేదు. ఆ నెలలో మిగిలిన యూనిట్లకు ఏ సబ్సిడీ కోసమూ ఎదురుచూడక్కర్లేదు.